వాంతులూ విరేచనాలూ కలిసి వస్తే పాపకి ఓఆర్ఎస్ కడుపులో నిలిచేలా పట్టడం ఎలా?

పటమటలంక అమ్మ (ప్రశ్న):

పాపకి 14 నెలలు, బరువు 9 కిలోలు. నిన్న సాయంత్రం వాంతులు మొదలయ్యాయి, తెల్లవారేసరికి నీళ్ల విరేచనాలు కూడా పట్టుకున్నాయి. విరేచనంలో రక్తం, జిగట లేవు. జ్వరం 100.6 దాకా వచ్చి తగ్గుతోంది. పొద్దున డాక్టరుగారు చూసి, వైరస్ వల్ల వచ్చిందే, ఇప్పటికైతే ఒంట్లో నీరు పెద్దగా తగ్గలేదు, ఓఆర్ఎస్, జింక్ ఇస్తూ తల్లిపాలు కొనసాగించండి అన్నారు. యాంటీబయాటిక్ రాయలేదు.

అంతవరకు అర్థమైంది. ఇంట్లో పట్టబోతేనే చిక్కులు. గ్లాసుతో ఓఆర్ఎస్ ఇస్తే దాహం కొద్దీ గటగటా తాగి, అయిదు నిమిషాల్లో మొత్తం కక్కేస్తోంది. మందుల షాపులో యాపిల్ రుచి ఉన్న డబ్బా ఒకటి, పొడి కవరు ఒకటి చూపించారు, రెండూ ఒకటేనా? డైపర్ నిండా నీళ్ల విరేచనమే ఉంటే ఉచ్చ పోసిందో లేదో ఎలా తెలుస్తుంది? అత్తగారు పాలు మాన్పించి సగ్గుబియ్యం జావ మీదే ఉంచాలంటున్నారు, జాజికాయ అరగదీసి నాకిస్తే కడుతుందని కూడా అంటున్నారు. అన్నిటికన్నా ముఖ్యం, రాత్రివేళ ఏం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి?

పిల్లల వార్డు నర్సు, గుంటూరు:

అమ్మా, ముందు గ్లాసు పక్కన పెట్టండి. ఈ జబ్బులో పొట్ట లోపలి పొర రేగి ఉంటుంది. ఒక్కసారిగా సాగితే లోపలున్నదంతా వెనక్కి తోసేస్తుంది. అదే ఓఆర్ఎస్‌ని అయిదేసి మిల్లీలీటర్లుగా ఇస్తే చాలామంది పిల్లలకి నిలుస్తుంది.

వాంతి అయ్యాక 10 నిమిషాలు ఏమీ ఇవ్వకండి. తర్వాత సూది లేని 5 మి.లీ. సిరంజితోగాని చిన్న చెంచాతోగాని రెండు నిమిషాలకోసారి 5 మి.లీ. ఇవ్వండి. ఫోనులో టైమరు పెట్టుకోండి, అందాజాగా ఇస్తే చెయ్యి తొందరపడుతుంది. ఇలా గంటకి 150 మి.లీ. లోపలికి వెళ్తుంది, అంటే మామూలు టీ కప్పుకన్నా ఎక్కువే. మధ్యలో మళ్లీ కక్కితే మళ్లీ 10 నిమిషాలు ఆగి మూడు నాలుగు నిమిషాలకోసారి మొదలుపెట్టండి. గంటసేపు వాంతి లేకుండా గడిస్తే 10 మి.లీ.కి, తర్వాత 15కి పెంచుకోవచ్చు. ఇంట్లో ఇద్దరుంటే వంతులు వేసుకోండి. విసుగొచ్చి "ఈ ఒక్కసారికి గ్లాసుతో తాగించేద్దాం" అనుకున్న చోటే చాలామందికి మళ్లీ వాంతి మొదలవుతుంది.

కక్కినప్పుడు అంతా పోయిందని దిగులుపడకండి. నేల మీద పరుచుకున్న వాంతి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది, తాగినదాంట్లో ఎంతో కొంత అప్పటికే పేగులోకి దిగిపోయి ఉంటుంది. వైరస్ పేగు పొరని దెబ్బతీసినా ఉప్పునీ గ్లూకోజునీ జంటగా లోపలికి లాక్కునే దారి పనిచేస్తూనే ఉంటుంది, వాటి వెంట నీరూ వస్తుంది. ఓఆర్ఎస్ బలమంతా ఆ జంటలోనే ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్లనే డ్రమ్ముల్లో కలిపించి పట్టించి వేలమందిని కాపాడారు. చెంచాతో ఇచ్చేది సెలైన్ కన్నా తక్కువరకం వైద్యం అనుకునేవాళ్లకి ఈ మాట చెప్పాలి.

వాంతులు తగ్గాక లెక్క వేరు. రెండేళ్లలోపు పిల్లలకి ఒక్కో నీళ్ల విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ., రెండేళ్లు దాటినవాళ్లకి 100 నుంచి 200 మి.లీ. ఇది కూడా నెమ్మదిగానే. తల్లిపాలు అస్సలు ఆపకండి. ఒకేసారి కడుపునిండా ఇవ్వకుండా నాలుగైదు నిమిషాలు పట్టి వదిలి, కాసేపాగి మళ్లీ పట్టండి. పాలసీసా వాడొద్దు, దాన్ని సరిగా శుభ్రం చెయ్యడం కష్టం, పైగా ధార ఎక్కువ వస్తుంది. ఉగ్గుగిన్నె చాలు.

ఉచ్చ సంగతి. పగలంతా డైపర్ తీసేసి పాత కాటన్ చీర ముక్కల మీద పడుకోబెట్టండి. విరేచనం లేని ఉత్త తడి ఎప్పుడు కనిపించిందో టైము కాగితం మీద రాసుకోండి. ఆరు గంటలు దాటినా ఆ తడి కనిపించకపోతే నీరు తగ్గుతోందని అర్థం. తొడలు ఒరుసుకోకుండా ఉండటం దీనివల్ల రెండో లాభం. ఇంట్లో బరువు చూసే మిషను ఉంటే అది ఇంకా మేలు. బట్టలు లేకుండా, ఒకే మిషను మీద, రోజుకి రెండుసార్లు చూడండి. 9 కిలోల పిల్ల 450 గ్రాములు తగ్గితే ఒంటి బరువులో 5 శాతం పోయినట్టు, డాక్టరుకి వెంటనే చూపించాలి. 900 గ్రాములు తగ్గితే అది ప్రాణం మీదకొచ్చిన పరిస్థితి.

రాత్రి చూడాల్సినవి చెబుతాను. బొడ్డుకీ డొక్కకీ మధ్య చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లాగి వదలండి. వెంటనే సర్దుకోవాలి. మెల్లగా సర్దుకుంటే నీరు తగ్గినట్టు, రెండు సెకన్లు దాటి ముడత అలాగే నిలిచిందంటే బాగా తగ్గిపోయినట్టు. బొద్దుగా ఉన్న పిల్లల్లో ఈ ఒక్క గుర్తునే నమ్మలేం, అందుకే మిగతావి కూడా చూడాలి: కళ్లు లోపలికి పోవడం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, నాలుక ఎండిపోవడం, ఇంకా మాడు పూడని పిల్లల్లో అది గుంటపడటం. ఇలాంటివి రెండు కనిపిస్తే ఆసుపత్రిలో మా కళ్లముందు కిలోకి 75 మి.లీ. చొప్పున, మీ పాపకైతే 675 మి.లీ. ఓఆర్ఎస్ నాలుగు గంటల్లో ఇప్పిస్తాం. తాగలేకపోతే ముక్కులోంచి సన్నని ట్యూబు వేసి ఇస్తాం, లేదా సెలైన్ పెడతాం.

ఇక వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, బండి లేకపోతే 108కి చెయ్యండి: పాప మత్తుగా ఉండి లేపినా సరిగా లేవకపోవడం, అప్పటిదాకా ఆత్రంగా తాగిన పిల్ల ఇక తాగలేకపోవడం, కాళ్లూ చేతులూ చల్లబడటం, శ్వాస లోతుగా వేగంగా ఆడటం, ఫిట్స్, ఆకుపచ్చ వాంతి, విరేచనంలో రక్తం, పొట్ట ఉబ్బి గట్టిపడటం. ఇంకొకటుంది. పిల్ల ఉండుండి కాళ్లు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చి, కాసేపు తేరుకుని, మళ్లీ అలాగే ఏడుస్తుంటే పేగులో పేగు చొచ్చుకుపోయి ఉండొచ్చు. రెండేళ్లలోపు పిల్లల్లో ఇది కనిపిస్తుంది, ఎర్రని జిగట విరేచనం ఆ తర్వాతెప్పుడో వస్తుంది. దానికి ఓఆర్ఎస్ మందు కాదు, స్కాన్ చెయ్యాలి. రెండు నిమిషాల పద్ధతిలో నాలుగు గంటలపాటు ఇచ్చినా చుక్క నిలవకపోతే రావాల్సిందే.

మందుల షాపు, గవర్నర్‌పేట:

ఫార్మసిస్టుని, షాపులో జరిగే పొరపాట్ల గురించి చెబుతాను.

అమ్మా, పొడి కవరే తీసుకోండి. పెద్ద కవరు 1 లీటరు నీళ్లకి, నాలుగు గ్రాముల పైచిలుకు ఉండే చిన్న కవరు 200 మి.లీ.కి. మీ పాపకి చిన్నవే అనుకూలం, ఎప్పటికప్పుడు తాజాగా కలుపుకోవచ్చు. కవరు మీద డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని ఉందో లేదో చూడండి. లీటరుకి సోడియం క్లోరైడు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9, మొత్తం 20.5 గ్రాములు రావాలి. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని పళ్లరసం రుచితో అమ్మే డబ్బాల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు, ఉప్పు అందులో సగం కూడా ఉండదు. అంత చక్కెర పేగులోకి చేరితే ఒంట్లోని నీటిని తనవైపు లాగి విరేచనం పెంచుతుంది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాటే ఉండకూడదని ఆదేశించింది. కలిపి అమ్మే అసలు ఓఆర్ఎస్ డబ్బాలూ ఉన్నాయి, వాటి మీద కూడా పైన చెప్పిన అంకెలే కనిపించాలి.

కలపడంలో ఎక్కువగా తప్పేది నీళ్ల కొలత. ఇంట్లో స్టీలు గ్లాసు 200 మి.లీ. అని నమ్మకండి, 150 పట్టేవీ ఉన్నాయి, 300 పట్టేవీ ఉన్నాయి. పెద్ద కవరైతే సీలున్న 1 లీటరు వాటర్ బాటిల్ మొత్తం గిన్నెలో పోసి అందులో కవరు మొత్తం వెయ్యండి. చిన్న కవరైతే గీతలున్న పాలసీసాని కొలతకి మాత్రం వాడుకోండి. పెద్ద కవరులోంచి చెంచాడు చెంచాడు తీసి గ్లాసులో కలపడం అందరూ చేసేదే, అది ప్రమాదం. కవరులో ఉప్పు, గ్లూకోజు సమంగా కలిసి ఉండవు, ఒక చెంచాలో ఉప్పే ఎక్కువ రావచ్చు. నీళ్లు తక్కువై చిక్కగా ఉంటే రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ దాకా పోతుంది. మరీ పలచగా కలిపితే పోయిన లవణాలు తిరిగి రావు. చక్కెర, తేనె, పళ్లరసం ఏదీ చేర్చకండి. కలిపాక మరిగించకండి. మూతపెట్టి 24 గంటల్లో వాడి, మిగిలింది పారబోయండి.

అర్ధరాత్రి కవరు దొరక్కపోతే 1 లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టిన టీస్పూనుతో చక్కెర 6, ఉప్పు అర కలుపుకోవచ్చు. ఇది కవరు దొరికేదాకా మాత్రమే, ఇందులో పొటాషియం ఉండదు. ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో, పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఓఆర్ఎస్, జింక్ ఉచితంగా ఇస్తారు.

జింక్ ఆరు నెలలు దాటినవాళ్లకి రోజుకి 20 మి.గ్రా., రెండు నుంచి ఆరు నెలలవాళ్లకి 10 మి.గ్రా., 14 రోజులు. నీళ్లలో కరిగే బిళ్ళని చెంచాడు తల్లిపాలలో వేస్తే నిమిషంలోపే కరుగుతుంది. పరగడుపున ఇస్తే డోకు వస్తుంది, ఏదైనా తిన్నాక ఇవ్వండి. అరగంటలోపు కక్కితే మళ్లీ ఇవ్వాలి. సిరప్ అయితే 5 మి.లీ.లో ఎంత జింక్ ఉందో లేబుల్ మీద చదివి కొలవండి.

జ్వరానికి పారాసిటమాల్ కిలోకి 15 మి.గ్రా., అంటే మీ పాపకి 135 మి.గ్రా. ఇక్కడే జాగ్రత్త. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్ అయితే దాదాపు 5.5 మి.లీ., 250 ఉండేదైతే 2.7 మి.లీ., చుక్కల మందు మి.లీ.కి 100 మి.గ్రా. కాబట్టి 1.3 మి.లీ. ఒక సీసాకి చెప్పిన కొలతని ఇంకో సీసాకి వాడితే మోతాదు రెట్టింపు అవుతుంది, చుక్కల మందు దగ్గరైతే నాలుగు రెట్లు దాటుతుంది. రెండు మోతాదుల మధ్య ఆరు గంటలు ఉండాలి. ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ ఇప్పుడు వద్దు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలని దెబ్బతీస్తాయి.

విరేచనం కట్టేసే లోపెరమైడ్ పిల్లలకి ఇవ్వకూడదు, పేగు కదలిక ఆగి పొట్ట ఉబ్బుతుంది. పోయినసారి మిగిలిన ఆఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయాటిక్ సిరప్‌లు వైరస్‌ని ఏమీ చెయ్యవు. వాంతికి డాక్టరు ఒండాన్‌సెట్రాన్ ఒక్క మోతాదు రాస్తే మంచిదే, సొంతంగా మాత్రం వద్దు. మెటోక్లోప్రమైడ్ అయితే కొందరు పిల్లలకి మెడ, కళ్లు ఒకపక్కకి బిగుసుకుపోతాయి.

పటమటలంక అమ్మ:

చెంచా పద్ధతి మొదలుపెట్టాం, నిలుస్తోంది. కానీ ఉప్పగా ఉందని ఉమ్మేస్తోంది, మొహం తిప్పుకుంటోంది. నిద్రపోతుంటే లేపి పట్టాలా?

పిల్లల వార్డు నర్సు, గుంటూరు:

నాలుక మధ్యలో వెయ్యకండి. సిరంజి మొన బుగ్గ లోపలివైపు, చిగుళ్ల పక్కగా పెట్టి మెల్లగా వదలండి. ముక్కు మూసి, పడుకోబెట్టి పట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కూర్చోబెట్టో, ఒళ్లో తల ఎత్తుగా పెట్టుకునో ఇవ్వండి. ఫ్రిజ్‌లో పెట్టి కాస్త చల్లగా ఇస్తే ఉప్పదనం అంతగా తెలియదు. ఒంట్లో నీరు నిజంగా తగ్గిన పిల్లలు మారాం చెయ్యకుండా తాగేస్తారు, కాబట్టి ఉమ్మేసేంత ఓపిక ఉండటం ఒక రకంగా మంచి సూచనే.

ఉచ్చ పోసి రెండు మూడు గంటలే అయి, ఒళ్లు వెచ్చగా, నోరు తడిగా ఉంటే నిద్ర పోనివ్వండి, మధ్యలో రొమ్ము అందించండి, నిద్రలోనే తాగుతారు. అంతకన్నా ఎక్కువసేపైతే లేపి చూడండి. లేచి చిరాకు పడితే సరే. కళ్లు తెరిచి మళ్లీ వాల్చేస్తుంటే బయలుదేరండి.

పోషకాహారం పని, బ్రాడీపేట:

అత్తగారి మాటని పూర్తిగా తీసెయ్యకండి. ఆవిడ చెప్పే పథ్యంలో సగం మంచిదే, పాలు ఆపమనడం, జాజికాయ దగ్గరే అడ్డుపడాలి.

పొట్టకి విశ్రాంతి ఇవ్వాలని మాడ్చడం పాత పద్ధతి. దెబ్బతిన్న పేగు పొర మళ్లీ పెరగడానికి తిండే కావాలి. నాలుగైదు గంటలు ఓఆర్ఎస్ నిలిస్తే తిండి మొదలుపెట్టొచ్చు. సగ్గుబియ్యం జావ ఉత్త పిండిపదార్థం, ఒకపూట ఇస్తే ఫర్వాలేదు, దాని మీదే రెండు రోజులు ఉంచితే పిల్ల నీరసిస్తుంది. అదే ఆవిడ చేతే ఇలా చేయించండి: రెండు పాళ్లు బియ్యం, ఒక పాలు పొట్టు తీసిన పెసరపప్పు, ఆరు రెట్లు నీళ్లు, కుక్కర్లో అయిదారు విజిల్స్ వచ్చేదాకా ఉడికించి మెదిపి, చిటికెడు ఉప్పు, ఒక టీస్పూను నెయ్యి. చెంచాతో ఎత్తితే జారిపోయేలా కాకుండా నిలిచేలా ఉండాలి. పల్చన చేసేకొద్దీ కడుపు నిండుతుంది గాని బలం దక్కదు. పెరుగన్నం, చట్నీ లేని ఇడ్లీ, బాగా పండిన చక్కెరకేళి కూడా పెట్టండి. మూడు పూటలకి బదులు రెండు గంటలకోసారి నాలుగైదు ముద్దలు.

పాలు మాన్పించాల్సిన పని లేదు. తల్లిపాలు సరే సరి, తాగుతున్న గేదెపాలు కూడా నీళ్లు కలపకుండా కొద్దికొద్దిగా ఇవ్వచ్చు. పాలు తాగినప్పుడల్లా నురగతో పుల్లటి వాసన వేసే విరేచనం అయి, మలద్వారం చుట్టూ ఎర్రగా కందిపోతుంటే లాక్టోజు అరగడం లేదేమోనని డాక్టరుని అడగండి. అప్పుడు కూడా పెరుగు పడుతుంది.

కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా, సోడియం తక్కువ. ఓఆర్ఎస్‌కి తోడుగా కొంచెం ఇవ్వండి, దానికి బదులుగా వద్దు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, ఉప్పేసిన గంజి కూడా అంతే. గ్లూకోజు పొడి నీళ్లు, కూల్ డ్రింకులు, డబ్బా రసాలు వద్దు.

జాజికాయ, గసగసాలు, వస మాత్రం నాలుక మీద కూడా రాయకండి. జాజికాయ, గసగసాలు పిల్లలకి మత్తు కలిగిస్తాయి. పైన నర్సుగారు చెప్పిన అసలు ప్రమాద సూచన మత్తే కదా. పిల్ల నీరు తగ్గి వాలిపోతోందా, జాజికాయకి నిద్రపోతోందా అన్నది డాక్టరు కూడా వెంటనే తేల్చలేరు. ఈ కారణం చెబితే పెద్దవాళ్లు ఒప్పుకుంటారు, ఊరికే వద్దంటే ఒప్పుకోరు.

పారిశుధ్యం పని, సింగ్ నగర్:

ఇంట్లో మిగతావాళ్లకి అంటకుండా చూసుకునే సంగతి ఎవరూ రాయలేదు. ఈ వైరస్‌లలో కొన్నింటికి, ముఖ్యంగా నోరోవైరస్‌కి, చేతికి రాసుకునే శానిటైజరు అంతగా పనిచెయ్యదు. సబ్బుతో 20 సెకన్లు రుద్ది ధార కింద కడగాలి, పాపని కడిగిన ప్రతిసారీ, ఓఆర్ఎస్ కలిపే ముందు, అన్నం పెట్టే ముందు.

వాంతి మీద ముందు పాత పేపరో గుడ్డో కప్పి, అంచుల నుంచి లోపలికి ఎత్తండి. చీపురుతో తోస్తే తుంపర లేస్తుంది. ఎత్తాక లీటరు నీళ్లకి 3 గ్రాముల బ్లీచింగ్ పౌడరు, అంటే తలకొట్టిన టీస్పూనుకి కాస్త తక్కువ, కలిపి ఆ నీళ్లు పోసి 10 నిమిషాలు ఉంచి తుడవండి. వాంతి పడిన చోటే కాకుండా చుట్టూ రెండు మూడు అడుగులు తుడవాలి. మూత తీసి ఉంచిన పాత పౌడరులో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, ముక్కుకి ఘాటు తగలకపోతే కొత్తది తెచ్చుకోండి. దీన్ని బాత్‌రూం యాసిడ్‌తో కలపొద్దు, విషవాయువు పుడుతుంది. పాపని గది బయట ఉంచి, కిటికీలు తెరిచి చెయ్యండి.

నీళ్ల విషయం. మన పైపుల్లో నీళ్లు రోజంతా ఉండవు. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది, మురుగుకాల్వ దాటే చోట చిల్లు ఉంటే ఆ మురుగు లోపలికి చేరుతుంది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట చుట్టుపక్కల విరేచనాలు ప్రబలి ప్రాణాలు పోవడానికి తాగునీటిలో కలిసిన మురుగే కారణం. కుళాయి విప్పాక మొదటి కొన్ని బిందెలు తాగడానికి పట్టకండి. రంగు, వాసన తేడాగా ఉంటే వార్డు సచివాలయంలో చెప్పండి. సీలున్న బాటిల్ నీళ్లు కాకపోతే, పాపకి ఇచ్చేవి, ఓఆర్ఎస్ కలిపేవి తెర్లుతూ ఒక నిమిషం కాగిన నీళ్లే అయ్యుండాలి, 20 లీటర్ల క్యాను నీళ్లయినా సరే. క్యాను నీళ్లు ఎక్కడ ఎలా నింపారో మనకి కనపడదు.

పటమటలంక అమ్మ:

వాంతులు ఆగిపోయాయి, ఉచ్చ సరిగా పోస్తోంది, పెసరపప్పు అన్నం తింటోంది. విరేచనాలు మాత్రం ఇంకా అవుతున్నాయి, రంగు ఆకుపచ్చగా ఉంది. రోటావైరస్ చుక్కలు మూడు మోతాదులూ వేయించాం, అయినా ఎందుకు వచ్చినట్టు? బడికెళ్లే అక్కకి కూడా ఈ రోజు రెండుసార్లు అయింది.

పిల్లల వార్డు నర్సు, గుంటూరు:

ఆకుపచ్చ విరేచనానికి కంగారు వద్దు, పేగులోంచి త్వరగా జారిపోయినప్పుడు పిత్తం రంగు మారకుండానే వచ్చేస్తుంది. ఆకుపచ్చ వాంతి అయితేనే పరుగెత్తాలి. వాంతులు ఒకటి రెండు రోజుల్లో ఆగినా విరేచనాలు అయిదు నుంచి ఏడు రోజులు సాగడం మామూలే. 14 రోజులు దాటితే వేరే పరీక్షలు కావాలి.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి 6, 10, 14 వారాలకి ఉచితంగా ఇస్తున్న ఆ చుక్కలు రోటావైరస్ ఉధృతిని తగ్గిస్తాయి. నోరోవైరస్, ఆస్ట్రోవైరస్ లాంటివాటికి అవి అడ్డు కావు.

పెద్దమ్మాయికి విరేచనం అయిన ప్రతిసారీ వయసుని బట్టి పైన రాసిన కొలతలో ఓఆర్ఎస్ ఇవ్వండి. చివరి విరేచనం తర్వాత 48 గంటలు గడిచేదాకా బడికి పంపకండి. చిన్నదానికి జింక్ మాత్రం విరేచనాలు ఆగిపోయినా 14 రోజులూ పూర్తి చెయ్యండి, తేరుకున్నాక రెండు వారాలపాటు రోజూ ఒకపూట అదనంగా పెట్టండి.